పాత సామాను, కొత్త సుంకపు మెట్టు

చిరాగ్‌పల్లి పేరు చెప్పగానే జహీరాబాదు ప్రాంతం వారికి మొదట గుర్తొచ్చేది చెక్‌పోస్టు. కర్ణాటక సరిహద్దున, హైదరాబాదు నుండి ముంబయి వైపు పోయే రహదారి మీద లారీలు బారులు తీరేవి. డ్రైవర్లు కాగితాలు పట్టుకొని దిగేవారు, అధికారులు సరుకు చూసేవారు. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను రాష్ట్రాలు ఎత్తివేశాయి. పునీత మత్తయి కూర్చున్న సుంకపు మెట్టు ఎలాంటిదో సత్యోపదేశం పిల్లలకు చెప్పడానికి ఆ చెక్‌పోస్టు కంటే మంచి ఉదాహరణ మనకు లేదు.

ఇప్పుడా మెట్టు ఫోనులోకి వచ్చి కూర్చుంది. పాత ఫోను, పాత సైకిలు, ఇల్లు మారేటప్పుడు మిగిలిపోయిన బీరువా అన్నీ ఆన్‌లైనులో అమ్ముతున్నారు. అమ్మకం తమ ద్వారా జరిపించే ఈ-కామర్స్ సంస్థలు ఆ లెక్కను ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. ఈ వార్త విన్నప్పటి నుండి చాలా ఇళ్లలో ఒకటే భయం: “పాత మంచం అమ్ముకున్నా పన్నేనా, ఫాదర్‌గారూ?”

కాదు. సొంత వాడకానికి ఉంచుకున్న బట్టలు, మంచాలు, వంటపాత్రలు, ఇంటి బండి వంటివాటిని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా లెక్కించలేదు. దాని స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టమూ లెక్కించదు. వాటిని అమ్మితే పన్ను లేదు. నగలు, చిత్రపటాలు, శిల్పాలు మాత్రం ఈ మినహాయింపులోకి రావు. కనుక అమ్మమ్మ గొలుసును బీరువాతో కలిపి ఒకే గాటన కట్టకండి.

ఇక సంస్థలు పన్ను కోసే నియమం. అది 2020 అక్టోబరు 1న వచ్చింది. చట్టంలో మొదట పెట్టిన రేటు అమ్మకం విలువలో 1 శాతం, 2024 అక్టోబరు 1 నుండి అది 0.1 శాతమే. ఒక వ్యక్తి ఏడాది మొత్తం అమ్మకాలు 5 లక్షల రూపాయలు దాటకపోతే, పాన్ గాని ఆధార్ గాని ఇచ్చి ఉంటే, ఆ కోత కూడా లేదు. కోసినది చివరి పన్ను కాదని గమనించండి. అది ముందుగా జమ అయిన సొమ్ము. పన్ను పడనివారు రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఫోను అమ్మినట్టు సంస్థకు తెలుసు, ఎంతకు అమ్మారో తెలుసు. ఎందుకు కొన్నారో తెలియదు. వాడుకోవడానికి కొని, విసుగొచ్చి అమ్మితే అది ఇంటి సామాను. అమ్మాలనే కొంటే అది వ్యాపారం. వస్తువు ఒకటే, ధర ఒకటే, అయినా కార్యం వేరు. ఏ ఉద్దేశంతో చేశామన్నది మన కార్యం ఎలాంటిదో నిర్ణయించడంలో భాగమని పునీత తోమాసు అక్వీనాసు బోధించాడు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకిది పొడి సిద్ధాంతంలా తోచేది. ఇప్పుడు పాత ఫోన్ల బజారులో దాని అవసరం కనబడుతోంది. ఆ ఉద్దేశానికి సాక్షి అమ్మినవాని అంతరాత్మ ఒక్కటే.

ఒక యువకుణ్ణి ఊహించుకోండి. ఉద్యోగం లేదు. పాత ఫోను 8,000కు కొని, బాగుచేయించి, 10,000కు అమ్ముతాడు. ఏడాదిలో 60 అమ్మాడు. అమ్మకాలు 6 లక్షలు, కోత 600 రూపాయలు. మరమ్మతు ఖర్చు పక్కన పెట్టినా లాభం 1,20,000 మించదు. వేరే ఆదాయం లేకపోతే అతడు కట్టవలసిన పన్నే లేదు, ఆ 600 కూడా తిరిగి వస్తుంది. కాని 5 లక్షలు దాటకుండా ఉండాలని సగం అమ్మకాలు తల్లి పాన్ కార్డు మీద నడిపిస్తాడు. తిరిగి రాబోయే 600 రూపాయల కోసం ఇంట్లో ఒక అబద్ధం పుట్టింది, దానికి తల్లి సంతకం కూడా పడింది. జీతం తీసుకుంటూ పక్కన ఇదే బేరం చేసేవారి సంగతి వేరు. వారిలో కొందరు దాచేది నిజంగా పన్నునే.

“పెద్దపెద్దవారు కోట్లు ఎగవేస్తుంటే మా మీదేనా?” అంటారు. ఈ కోపంలో న్యాయం ఉంది. పూర్వం నీతిశాస్త్ర పండితులలో కొందరు పన్ను చట్టాలు అంతరాత్మను బంధించవని, దొరికితే జరిమానా కడితే చాలునని వాదించారు. రాజు విలాసాలకు పన్ను లాక్కున్న రోజుల్లో ఆ వాదానికి కొంత బలం ఉండేది. సర్కారు దవాఖానకు వెళ్లి, పిల్లలను సర్కారు బడికి పంపి, రహదారి మీద ప్రయాణించే మనం ఆ వాదం ఎత్తుకోవడం నాకు సమంజసంగా తోచదు. 1965లో రెండవ వాటికను మహాసభ న్యాయమైన పన్నుల నుండి మోసంతో తప్పించుకోవడాన్ని తప్పుపట్టింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం పన్ను ఎగవేతను ఏడవ ఆజ్ఞకు విరుద్ధమైన పనులలో చేర్చింది.

పరదేశాల్లో ఉన్న మన పిల్లలకూ ఇదే గందరగోళం. బ్రిటనులో 2024 జనవరి 1 నుండి సంస్థలు అమ్మినవారి వివరాలు సేకరించి పన్ను శాఖకు పంపాలి. అమెరికాలో 600 డాలర్లు దాటితే చాలు తెలియజేయాలని 2021లో చట్టం చేసి, వాయిదాలు వేసి, చివరకు 2025లో 20,000 డాలర్లు, 200 లావాదేవీలు దాటాలన్న పాత హద్దుకే తిరిగివచ్చారు. అక్కడా వాడిన సోఫాను కొన్నదానికంటే తక్కువకు అమ్మితే పన్ను లేదు. సంస్థ లెక్క పంపినంత మాత్రాన అది నేరారోపణ కాదు.

ప్రకటన చూసి ఇంటికొచ్చి, నోట్లు లెక్కపెట్టి బండి తీసుకుపోయే బేరానికి సాధారణంగా ఏ లెక్కా పోదు. అక్కడ మెట్టు మీద కూర్చునే అధికారి లేడు. ఉద్దేశం మాత్రం మారదు. వ్యాపారమైతే ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి కొన్న ధర, అమ్మిన ధర రాసుకోవాలి. ఆ యువకుడు తల్లి పాన్ కార్డు ఆమెకు తిరిగి ఇచ్చి, బేరం తన పేరుననే నడుపుకోవాలి. రేపు ఆమె రేషన్ కార్డుకో పింఛనుకో వెళ్లినప్పుడు ఆమె పేరున 3 లక్షల ఫోన్ల అమ్మకం కనబడితే, జవాబు చెప్పుకోవలసింది ఆమె. ఫోను తెరవడం కూడా ఆమెకు రాకపోవచ్చు.