రెండు గంటలకు మొదటి క్లాసు

మన ఎచ్చెర్ల ప్రాంతంలో చదువుకుని, పరాయి దేశంలో ఇంగ్లీషు పాఠం చెప్పబోయే యువతీ యువకుల కోసం ఈ నాలుగు మాటలు.

ఇథియోపియానే తీసుకోండి. అక్కడి కళాశాలల్లో మన తెలుగు అధ్యాపకులు ఎందరో పనిచేశారు. అక్కడ గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. మన లెక్కలో ఉదయం ఏడైతే వాళ్ల లెక్కలో ఒంటిగంట. రెండు గంటలకు క్లాసు అంటే ఎనిమిదికల్లా బోర్డు ముందు ఉండాలన్నమాట! ఏడాదికి 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో. భోజనానికి టెఫ్ అనే ధాన్యం పిండి పులియబెట్టి కాల్చే ఇంజెరా రొట్టె. మొదట్లో దిగులేస్తుంది, అది సహజం.

ఇలాంటప్పుడు నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. 1863లో మన పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులుగారు. సవర గిరిజనుల గూడేలు ఆయనకు పెద్ద దూరం కాదు. అయినా ముందు వాళ్ల భాష తాను నేర్చుకుని, ఆ తర్వాతే వాళ్లకోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. ఎంత గొప్ప ఓపిక!

మీరూ అంతే, ఇథియోపియా వెళ్లేవాళ్లు ముందుగా అక్కడి అమ్హారిక్ భాష అక్షరాలు కూడబలుక్కోండి. పిల్లల పేర్లు వాళ్లనే అడిగి సరిగా పలకండి. ఇంటికి ఫోను చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి, మన సమయం రెండున్నర గంటలు ముందుంటుంది, అమ్మ పెందలాడే పడుకుంటుంది.