ఖర్చు పుస్తకం నీ దగ్గరే ఉండనీ తల్లీ

అమ్మణ్ణీ,

పలమనేరులో వచ్చేసారి ఎమ్మెల్యేగా నిలబడతానని నువ్వు అన్నప్పటినుంచి ఇంటికొచ్చే ప్రతివాళ్లూ నీకు కులాల లెక్కలూ మండలాల మెజారిటీలూ చెప్తా ఉన్నారు. అవి వాళ్లకు తెలిసిన విద్య. ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఈ పెదనాయనకు డబ్బు లెక్క తప్ప వేరే విద్య రాదు. నేను చెప్పేది ఒకటే: నీ డబ్బు గురించి నువ్వు బయటికి చెప్పలేని సంగతి ఎవరికి తెలుసో, రేపు నీకు వాళ్లే యజమాని.

నాయకురాలిగా నీ మొదటి సంతకం నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ మీద పడుతుంది. ఆ కాగితం ఊరికే రాలేదు. ఓటరుకు అభ్యర్థి ఆస్తులూ అప్పులూ కేసులూ చదువూ తెలియాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. పార్లమెంటు చట్టం సవరించి దాన్ని తగ్గించబోతే 2003లో మళ్లీ నిలబెట్టింది. ఆస్తి చెబితే చాలదు, అది ఏ ఆదాయంతో వచ్చిందో కూడా చెప్పాలని 2018లో తేల్చింది. నీదే కాదు, మీ ఆయనదీ, మీమీద ఆధారపడినవాళ్లదీ రాయాలి. అయిదేళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్నుల్లో చూపిన ఆదాయం, ప్రభుత్వానికి ఉన్న బాకీలు, ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు, అన్నీ. ఏ గడినీ ఖాళీగా వదలకు. లేకపోతే ‘లేదు’ అని రాయి. బీరువాలోని నగలు ఇప్పుడే తూకం వేయించు. పొలానికి కొన్న ధరా రాయి, ఈనాటి మార్కెట్ ధరా రాయి.

అబద్ధం రాస్తే ఆరు నెలల వరకు జైలుగానీ జరిమానాగానీ రెండూగానీ వేయొచ్చు. ఆ శిక్ష ఎంతమందికి పడుతుందని నువ్వు అడుగుతావు. నా భయం శిక్ష గురించి కాదు తల్లీ. బినామీ పేరున ఒక్క ఎకరా దాచినా, ఆ పేరు అరువిచ్చినవాడికి తెలుసు, దస్తావేజు రాసినవాడికి తెలుసు. వాళ్లు ఆఫీసుకొచ్చి ఒక ఫైలు ముందు పెడితే నువ్వు కాదనలేవు. నీ మెడలో పలుపు వేసి కొస వాళ్ల చేతికి నువ్వే ఇచ్చినట్టు.

ఇక ఖర్చు సంగతి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటకూడదని 2022లో నిర్ణయించినారు. నామినేషన్ వేసిన రోజునుంచి ఫలితం చెప్పే రోజువరకు ప్రతి రూపాయీ అందులోకే వస్తుంది. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఒకరికి పదివేలు దాటి ఇవ్వాల్సి వస్తే నగదు పనికిరాదు, చెక్కో ఆన్‌లైనో కావాలి. ఖర్చు పుస్తకంలో తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల మీద నగదు, పసుపు కాగితాల మీద బ్యాంకు లెక్క రాయాలి. కుర్చీకి, షామియానాకు, టిఫినుకు జిల్లా ఎన్నికల అధికారి రేట్లు కట్టి ఉంటారు. నీ సభలను వీడియో తీసి అధికారులు వాళ్ల రిజిస్టరు వాళ్లు రాసుకుంటారు. ప్రచారంలో కనీసం మూడుసార్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకని ఏ రోజు ఖర్చు ఆ రాత్రే రాయాలి.

‘పార్టీ చూసుకుంటుంది, మనవాళ్లు పెట్టుకుంటారు’ అనే మాట నమ్మవద్దు. మిత్రుల ఖర్చునూ పార్టీ ఖర్చునూ అభ్యర్థి లెక్కలోంచి తీసేస్తూ 1974లో చట్టం మార్చినారు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ సందులోంచే డబ్బు పారింది. 2003లో దాన్ని చాలావరకు మూసినారు. ఇప్పుడు పెద్ద నాయకుల ప్రయాణ ఖర్చులాంటివి కొన్నిటికే మినహాయింపు. ఆ పెద్ద నాయకుడి పక్కన నువ్వు వేదిక ఎక్కితే సభ ఖర్చులో నీ వంతు నీ పుస్తకంలో పడుతుంది. నీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరైనా నీకోసం ఖర్చుపెడితే అది వాళ్ల తప్పవుతుంది. ఈ మాట కార్యకర్తలకు ముందే చెప్పిపెట్టు.

‘40 లక్షలతో ఎవరు గెలిచినారు పెదనాయనా?’ అంటావు. నిజమే, ఆ అంకెను చూసి నవ్వనివాళ్లు మన జిల్లాలో తక్కువ. కానీ పరిమితి దాటిన డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూడు. గ్రానైట్ క్వారీ లీజు కావాల్సినవాడు తెస్తాడు, ఏటి ఇసుక మీద కన్నున్నవాడు తెస్తాడు, శేషాచలం ఎర్రచందనం డబ్బు కూడా తెల్లచొక్కా వేసుకొని గడప తొక్కొచ్చు. జాతరకు నీ పేరున చందా మేమే ఇచ్చేస్తామంటారు, ఓటర్లకు డబ్బు కవర్లు మేమే పంచుతామంటారు. కవరు పుస్తకంలో రాసినా రాయకపోయినా లంచమే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎన్నికే రద్దు కావొచ్చు.

డబ్బు లెక్క అడిగే ఈ పోరు కొత్తది కాదు. మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడే, 1957లో ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎల్ఐసీ డబ్బు పెట్టిన సంగతి సభలో బయటపడింది. మరుసటి ఏడాది ఆర్థికమంత్రి రాజీనామా చేసినారు. ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చినారో ఓటరుకు తెలియకుండా దాచిన ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. అన్నేళ్ల తేడాలోనూ అడిగింది ఒకటే: డబ్బు ఎవరిది, బదులుగా ఏం పోయింది?

గెలిస్తే మరో పని చెయ్యి. టీచరుగా మీ నాయన ఏటా ఆస్తుల పట్టిక ప్రభుత్వానికి ఇస్తూ వచ్చినాడు. ఆయనకన్నా ఎక్కువ అధికారం చేతికొచ్చే నువ్వు ఎవరూ అడగకపోయినా ఏటా ప్రకటించు. నారావారిపల్లెలో పుట్టిన చంద్రబాబు నాయుడు 2011లో కుటుంబ ఆస్తులు తనంతట తానే ప్రకటించడం మొదలుపెట్టి చాలా ఏళ్లు కొనసాగించినారు. మార్కెట్ ధరలు కాక పాత విలువలు చూపినారని విమర్శ కూడా వచ్చింది. ఆ మంచి అలవాటూ తీసుకో, ఆ విమర్శలోని పాఠమూ తీసుకో.

చివరగా, గెలుపోటములు దేవుడెరుగు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు చిత్తూరు కలెక్టరాఫీసులో అప్పజెప్పాలి. గెలిచినవాళ్లు పదవి పోతుందని ఇస్తారు. ఓడినవాళ్లు ‘ఇంకెందుకులే’ అని వదిలేసి మూడేళ్లపాటు అనర్హులవుతుంటారు. నువ్వు ఓడినా ఆ పుస్తకం సంతకం చేసి ఇచ్చి రా. మళ్లీ నిలబడే హక్కు దాంతోనే మిగులుతుంది.

నీ పెదనాయన