మంచు ఆరాకే మడత



సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో గండికోట వెళ్తున్నావనీ, నా టెంటు కావాలనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. నలుగురికి సరిపోతుందని సంచీ మీద అచ్చేసి ఉంటుంది, నమ్మకండి, ముగ్గురే పడుకోండి. వేసేదెలాగో నేను రాయను. ఫోన్లో వీడియోలు బోలెడు, పైగా టెంటు వేసేటప్పుడు సాయానికి జనం ఎప్పుడూ తక్కువ కారు. నేను రాసేది విప్పడం గురించి.

పెళ్ళిపందిరి వేసేనాడు పిల్లలు గుంజల చుట్టూ తిరుగుతారు, పెద్దవాళ్ళు కుర్చీలు లాక్కుని కూర్చుని ఇటు జరపండి, అటు జరపండి అంటారు. విప్పేనాడు టెంట్‌హౌస్ కుర్రాళ్ళిద్దరే ఉంటారు. మంచినీళ్ళు కావాలా అని కూడా ఎవరూ అడగరు. విహారం ముగిసిన పొద్దున కూడా వ్యవహారం అలాగే ఉంటుంది. చూడవలసింది చూసేశాం, తినవలసింది తినేశాం, ఇక మిగిలింది చాకిరీ. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్ళేవాణ్ణి కదా, ఎవరెలాంటివాళ్ళో నాకు ఆ పొద్దునే తెలిసిపోయేది. రాత్రి నెగడు చుట్టూ అందరూ మంచివాళ్ళే.

గండికోటలో ఏం జరుగుతుందో ఇక్కడ కూర్చునే చెప్పగలను. జనవరి కదా, రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. జిప్పులన్నీ బిగించుకుని పడుకుంటారు. ముగ్గురి ఊపిరిలోని తేమంతా పైకి పోయి, చల్లబడిన పైగుడ్డకు తగిలి బొట్లు కడుతుంది. వాన లేకుండా లోపల ఎలా తడిసిందా అని తెల్లారి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బయటివైపు ఎలాగూ మంచు. అన్నిటికంటే ఎక్కువ చెమ్మ అడుగున, నేలకూ పట్టాకూ మధ్య ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ తిరగేసి చూడరు. సూర్యోదయానికి అందరూ లోయ అంచుకు పరుగెత్తుతారు. ఎర్రరాతి గోడల మధ్య పెన్నా మలుపు తిరిగే చోటు అది, చూసి తీరాలి. తిరిగొచ్చాక మీలో ఒకరు అంటారు: జమ్మలమడుగులో టిఫిన్ చేసి ఎండెక్కకముందే బేలం గుహలకు వెళ్ళిపోదాం, టెంటు అలాగే చుట్టేయండి, ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు అని. ఆ మాట దగ్గరే నువ్వు అడ్డం పడాలి.

తడిటెంటు చుట్టేస్తే ఆ రోజు ఏమీ కాదు. అందుకే ఇది నీతికి సంబంధించిన సంగతి అంటున్నాను. గుడ్డ ఒక్కటే అయితే వానను ఆపలేదు, లోపలివైపు పాలియురెథేన్ పూత ఉంటుంది. చెమ్మతో మూటకట్టి వెచ్చని చోట పడేస్తే నీరే ఆ పూతను మెల్లగా విడగొడుతుంది. హైడ్రాలిసిస్ అని ఇంటర్లో చదివే ఉంటావు. మొదట గుడ్డ బంకబంకగా చేతికి అంటుకుంటుంది, తర్వాత పొలుసులు రాలుతుంది, కుట్ల మీది టేపు ఊడుతుంది. బూజుకైతే అంత వ్యవధి కూడా అక్కర్లేదు. కారు డిక్కీ వేడిలో ఒకటి రెండు రోజులు చాలు. ఆ నల్లచుక్కలు ఎంత తోమినా ఓ పట్టాన వదలవు, ముక్కిన వాసనా అంతే. ఇంత జరిగినా చుట్టినవాడి పేరు బయటికి రాదు. ఆర్నెల్ల తర్వాత ఏ కొండమీదో, చీకట్లో, చినుకులు మొదలయ్యాక సంచీ విప్పినవాడు అనుభవిస్తాడు. వాడెవడో నీకు తెలియదు. ఒక్కోసారి అది నువ్వే కావచ్చు. ఇంటికొచ్చిన చుట్టానికి మర్యాద చేయడంలో మనవాళ్ళు ఘనులే. మన వెనక వచ్చేవాడే మనకు లెక్కలోకి రాడు.

కాబట్టి పని ముందే మొదలుపెట్టు. సూర్యోదయం చూడ్డానికి పోకముందే పైగుడ్డ కొక్కేలు తీసి, లోపలివైపు బయటికొచ్చేలా తిరగేసి, మళ్ళీ టెంటు మీదే వేసి మూలలు కట్టేయండి. అంచున గాలి ఎక్కువ, కట్టకుండా వదిలితే పెన్నాలో వెతుక్కోవాలి. మీరు ఫొటోలు తీసుకునేలోగా సగం ఆరుతుంది. మిగతాది పాత తువ్వాలుతో తుడవండి. తర్వాత టెంటును పక్కకు వాల్చి అడుగు ఎండకు పెట్టండి. ఆరగానే తీసేయాలి, ఈ గుడ్డలకు ఎండ అతిగా పడదు.

రాడ్లు లాగొద్దు, తోయాలి. లాగితే గుడ్డ గొట్టంలోపలే ముక్కలు విడిపోయి అడ్డం పడతాయి. మడిచేటప్పుడు మధ్య ముక్క దగ్గర మొదలుపెట్టి చివరలకు రా, లోపలి ఎలాస్టిక్ తాడు రెండువైపులా సమానంగా సాగుతుంది. తలుపు జిప్పు జానెడు తెరిచి ఉంచి, వెనకవైపు నుంచి తలుపు వైపుకు మోకాలు ఆనించి చుట్టుకుంటూ రా. గాలి పోవడానికి దారి లేకపోతే ఎంత చుట్టినా సంచీలో పట్టదు, అప్పుడు టెంటును తిట్టుకుంటారు. ప్రతిసారీ పాత మడతలోనే మడవాలని పట్టుబట్టకు, పూత పగిలేది అక్కడే.

మేకులు పన్నెండున్నాయి. వెళ్ళగానే లెక్కపెట్టు, వచ్చేముందు మళ్ళీ లెక్కపెట్టు. ఒకటి నేలలో మిగిలితే ఏ గొర్రె కాల్లోనో, గొర్రెల వెనక వచ్చే పిల్లాడి కాల్లోనో దిగుతుంది. రాడానికి మొరాయిస్తే పక్కకు ఊపొద్దు, ఇంకో మేకు కొక్కెం తగిలించి తిన్నగా పైకి లాగు. మట్టి తుడిచి విడి సంచీలో వేయి, టెంటుతో కలిపి చుడితే గుడ్డకు చిల్లు పడుతుంది. అక్కడ చాలాచోట్ల నేల రాయే, మేకు దిగదు. తాళ్ళను బరువైన రాళ్ళకు కట్టుకోవచ్చు గానీ, కోటగోడ నుంచి జారిపడిన రాయిని మాత్రం తాకొద్దు. అది కోటదే. వాడిన రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టేసి రండి.

పట్టాకు అంటిన మట్టిని అక్కడే దులపాలి. ఇదేదో శుభ్రత పిచ్చి అనుకోకు. 1950ల్లో పుణె పరిసరాల్లో కళ్ళబడ్డ వయ్యారిభామ కలుపు ఇవాళ దేశంలో లేని గట్టు లేదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి బురదతో, చక్రాలతో, చెప్పులతో ప్రయాణం చేస్తాయి. ఒక కొండ గింజను ఇంకో కొండకు మోసుకెళ్ళే కూలి మనకెందుకు? గుడ్డకు పట్టుకున్న ఉత్తరేణి గింజలు కూడా ఏరేయి.

ఎవరెస్టు మీద సౌత్ కోల్ అని దాదాపు 7,900 మీటర్ల ఎత్తున చివరి శిబిరం ఉంది. అక్కడ వదిలేసి వచ్చిన టెంట్లు గాలికి పీలికలై మంచులో గడ్డకట్టి ఉంటాయి. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరూ కనీసం 8 కిలోల చెత్త దించి తీరాలని 2014లో నేపాల్ ప్రభుత్వం నియమం పెట్టాల్సి వచ్చింది. ఆ ఎత్తులో ప్రాణాలతో దిగడమే గొప్ప, వాళ్ళను నేను పెద్దగా తప్పుపట్టను. గండికోటలో మనకు ఊపిరి బాగానే ఆడుతుంది.

ఇంకో మాట. గిన్నెలు తోమడం ఆడపిల్లలకూ, కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడడం మగపిల్లలకూ దానంతటదే పంపకమైపోతుంది, గమనించు. మొహమాటపడకుండా తలో మూలా చేతికివ్వు. ఒక్కదానివే అంతా చేసేసి, దారిపొడుగునా ముఖం మాడ్చుకుని కూర్చోవడం కూడా మంచితనం కాదు. ఒకవేళ మీవాళ్ళు అద్దె టెంట్లే తీసుకుందామంటే, వాటిని విప్పే కుర్రాడు స్థానికుడే అయి ఉంటాడు. డబ్బిచ్చాం కదా అని లోపల చిప్స్ కవర్లు, సీసాలు వదిలి రావొద్దు. వాడి పని మడత పెట్టడం, మీ ఎంగిలి ఎత్తడం కాదు.

ఇంటికి తెచ్చాక ఓ పూట ఫ్యాను కింద పరిచి, తర్వాత ఆ ఇరుకు సంచీలో కాకుండా పాత దిండు గలీబులో వదులుగా పెట్టు. అటకమీద వద్దు, వేసవిలో అక్కడ మంటెక్కిపోతుంది. మరక ఉంటే తడిగుడ్డతో తుడువు, వాషింగ్ మెషీన్లో వేశావంటే నాకు చెప్పకు. తిరిగి పంపే తొందర లేదు, ఉగాది దాకా ఎవరూ అడగరు. గలీబు సంగతి మాత్రం మీ అమ్మకు ముందే చెప్పు, లేకపోతే టెంటు బయటపడేసి దిండుకు తొడిగేస్తుంది.

ఇట్లు,
మామయ్య