ఫోటోలో లేని మనిషి

బహ్లా కోట ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీసి ఇంటికి పంపుతాం. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కోట గదా! అదే ఊళ్లో సారె తిప్పే కుమ్మరి మాత్రం మన ఫోటోల్లో ఉండడు.

షికాగోలో ఇతరుల పిల్లల్ని సాకుతూ బతికిన వివియన్ మేయర్, తీరిక దొరికితే వీధుల్లో తిరిగి లక్షకు పైగా ఫోటోలు తీసింది. దాదాపు ఎవరికీ చూపలేదు. 2009లో ఆమె పోయాకే లోకానికి తెలిసింది. పొట్టకూటికి పరాయి ఇంట ఉంటూనే వీధినంతా పట్టించుకుందామె. మనమో?

అయితే, అడగకుండా ఒకరి ముఖం తీసుకోవచ్చునా? ఆమె చాలాసార్లు అడగలేదు. నాకు మనసొప్పలేదు. మొన్న కెమెరా సంచిలో పెట్టి, కుమ్మరికి సలాం చెప్పి కూర్చున్నాను. ఫోటో ఇంకా తీయలేదు. పేరు మాత్రం తెలిసింది.