గిన్నె తొలగకపోయినా



భస్మ బుధవారం మొదలు ఈస్టర్ వరకు, ఆదివారాలు తీసేస్తే 40 దినాలు. ఈ శ్రమదినాల్లో కొందరు మాంసాహారం మానేస్తారు, కొందరు ఒక పూట ఉపవాసం ఉంటారు. చాలా మంచిదండి. అయితే వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. మన ఇష్టాన్ని తండ్రి చేతుల్లో పెట్టడం.

మన కుటుంబ ప్రార్థనలు ఎలా ఉంటాయో ఒకసారి ఆలోచించండి. “ప్రభువా, అబ్బాయికి ఆ సీటే రావాలి, అమ్మాయికి ఈ సంబంధమే కుదరాలి, అమ్మ రిపోర్టులో ఏమీ ఉండకూడదు.” అన్నీ చెప్పేసి, చివర్లో అలవాటుగా “నీ చిత్తం ప్రభువా” అంటాం. నిజంగా ఆయన చిత్తం వేరేగా ఉంటే? అప్పుడు మన ప్రార్థన ఆగిపోతుందా?

మత్తయి సువార్త 26వ అధ్యాయం తీయండి. గెత్సేమనే అంటే నూనె గానుగ. ఒలీవ పండ్లు నలిగే ఆ పేరుగల చోట మన ప్రభువు ప్రాణం నలిగింది. 39వ వచనంలో ఆయన సాధ్యమైతే ఈ గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు. తన మనసులో ఉన్నది దాచుకోలేదు. 42వ వచనంలో రెండోసారి ప్రార్థించాడు. ఇది త్రాగితేనే గాని తొలగిపోదంటే నీ ఇష్టప్రకారమే కానిమ్మన్నాడు. మూడోసారి కూడా అవే మాటలు. గమనించారా? దేవుని కుమారుడే ఒక్క రాత్రిలో మూడుసార్లు మోకరించాడు. మరి మనకు ఒక్క ప్రార్థనతోనే సమర్పణ వచ్చేస్తుందా?

లూకా సువార్తలో ఇంకో సంగతి ఉంది. ఆ రాత్రి పరలోకం నుండి దూత వచ్చి ఆయనను బలపరిచాడు. గిన్నె తొలగలేదు, గాని త్రాగడానికి బలం వచ్చింది. ప్రార్థనకు జవాబు రాలేదని కన్నీళ్లతో ఉన్న తల్లీ, తండ్రీ, ఈ మాట మీకోసమే. ఆసుపత్రి నుండి మీవారు తిరిగి రాకపోయి ఉండవచ్చు. అంతమాత్రాన తండ్రి మిమ్మల్ని విడిచిపెట్టాడని కాదు.

ఇప్పుడు పేతురును చూడండి. మెలకువగా ఉండి ప్రార్థించమంటే నిద్రపోయాడు. సైనికులు రాగానే కత్తి దూశాడు. ప్రార్థించిన యేసు మాత్రం తండ్రి ఇచ్చిన గిన్నె త్రాగనా అన్నాడు. మన ఇళ్ళల్లో కూడా అంతే కదండీ. మోకాళ్ళ మీద లేని రోజుల్లో కష్టం వస్తే మాటల కత్తులు బయటికి వస్తాయి. నీవల్లే అని భర్త, మీవాళ్ళవల్లే అని భార్య.

సమర్పణ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. పౌలుతో ఉన్న లూకా వైద్యుడే. మందులు వేసుకోండి, డాక్టరు చెప్పింది చేయండి. ఫలితాన్ని మాత్రం తండ్రికి అప్పగించండి.

మార్చి నెలలో టెన్త్, ఇంటర్ పరీక్షలు కూడా ఈ దినాల్లోనే వస్తాయి. మనం కోరుకున్న ర్యాంకునే దేవుని చిత్తమని పిల్లల మీద మోపవద్దు. మార్కులు తగ్గితే ఇంట్లో ముఖం ఎలా చూపించాలా అని ఆ బిడ్డ లోలోపల వణుకుతూ ఉండవచ్చు. “ఫలితం ఏదైనా వీడు నీ బిడ్డ, మా బిడ్డ ప్రభువా” అని వాడు వినేలా ప్రార్థించండి.

ఈ రాత్రి ఒక పది నిమిషాలు టీవీ, ఫోన్లు పక్కన పెట్టి అందరూ కలిసి కూర్చోండి. చిన్నవాళ్ళతో సహా ఒక్కొక్కరు తమకు ఏం కావాలో, దేనికి భయపడుతున్నారో దేవునికి చెప్పండి. నాన్నగారు కూడా చెప్పాలి. తర్వాత అరచేతులు తెరిచి, అది ఆయనకు వదిలేయండి. రేపు మళ్ళీ భయం వస్తుంది. రేపు మళ్ళీ ప్రార్థించండి.

ప్రార్థన చేద్దాం: మా తండ్రీ, మా కోరికలు నీకు తెలుసు, మా భయాలూ తెలుసు. గిన్నె తొలగిస్తే నీకు స్తోత్రం. తొలగించకపోతే దూతను పంపి మా ఇంటిని బలపరచుము. నీవు మంచి తండ్రివని నమ్మే హృదయం మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.