పాత తెర మీద ఎవరి బొమ్మ?



ఆస్ట్రేలియాలో బిడ్డలున్న కుటుంబాలు ఈ రోజుల్లో మన విచారణల్లోనూ కనిపిస్తున్నాయి. మీరు ఎప్పుడైనా వారిని చూడబోయి, పక్కింటి పెద్దలతో మాట కలిపితే, వారు తమ చిన్ననాటి టెలివిజన్ గురించి మొదలుపెట్టవచ్చు. రాత్రి ప్రసారం ముగిసేటప్పటి సంగీతం, కార్యక్రమాలు లేని వేళ తెర నిండా నిలిచి ఉండే గీతలూ వలయాల బొమ్మ, చేత్తో గుర్తులు అంటించిన వాతావరణ పటం, ఇవి చెబుతుంటే వారి ముఖం వెలుగుతుంది. చివరికి, ‘ఆ రోజులే వేరు’ అంటారు. మనమూ అంటాము గదా! అలా అనడం న్యాయమేనా?

1956 సెప్టెంబరు 16న సిడ్నీలో టి.సి.ఎన్.-9 స్టేషను క్రమమైన ప్రసారాలు మొదలుపెట్టింది. బ్రూస్ గింజెల్ అనే యువకుడు తెరపైకి వచ్చి ప్రేక్షకులకు స్వాగతం పలికాడు. సెట్టు కొనలేనివారు దుకాణాల అద్దాల ముందు గుంపులుగా నిలబడి చూశారు. నవంబరులో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు రానే వచ్చాయి. అయితే ఆ మొదటి రాత్రి ప్రసారం రికార్డు కాలేదు. మొట్టమొదటి క్షణమని దేశమంతా గుర్తు పెట్టుకున్న ఆ దృశ్యం తరువాత మళ్లీ చేయించి చిత్రీకరించినది!

ఇది మోసమా? మన పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫరు సమయానికి బొమ్మ తీయలేకపోతే, ‘బాబూ, తాళి ఇంకోసారి పట్టుకోండి’ అంటాడు. పెళ్లికొడుకు పట్టుకుంటాడు. ఆ ఫోటోనే గోడకెక్కుతుంది. పెళ్లి నిజమే, ఫోటో మాత్రం ఆ క్షణానిది కాదు. దానిలో తప్పు లేదంటాను నేను. కాకపోతే ఆ సంగతి ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి.

ఇంకొక విషయం కొంచెం బాధ పెడుతుంది. వీడియో టేపులు ఖరీదైన ఆ కాలంలో స్టేషన్లు పాత కార్యక్రమాలను చెరిపి, అదే టేపు మీద కొత్తవి ఎక్కించుకునేవి. ఏ.బి.సి.లో 1967 నుండి 1977 వరకు నడిచిన ‘బెల్‌బర్డ్’ అనే పల్లెటూరి కథలో నేడు మిగిలినది బహు స్వల్పం. చేతిలో ఉన్నప్పుడు విలువ తెలియలేదు. తమాషా ఏమిటంటే, ఇళ్లలో వీడియో యంత్రాలు వచ్చాక సినిమా కోసం రికార్డు చేసిన టేపుల్లో, నడుమ ప్రకటనలు, స్టేషను గుర్తులు, అనౌన్సరు మాటలు కూడా పడిపోయాయి. యంత్రాన్ని ఆపడం ఎవరో మరిచిపోయారు, అంతే! ఈనాడు అభిమానులు అపురూపంగా వెదికేది ఆ ముక్కలనే. ఎందుకంటే ఆ సాయంత్రం ఊరంతా కలిసి చూసినవి అవే మరి.

పల్లె ప్రాంతాల్లో చాలా చోట్ల ఏ.బి.సి. ఒకటి, వాణిజ్య స్టేషను ఒకటి, అంతే. 1989 నుండి గాని ఆ పరిస్థితి మారలేదు. దూరపు స్టేషను అందాలంటే ఒకరు ఇంటి కప్పు మీద యాంటెన్నా తిప్పాలి, ఒకరు కిటికీ దగ్గర నిలబడి కేకవేయాలి, లోపల ఒకరు, ‘ఆ... చాలు చాలు, పోయింది!’ అనాలి. మనిషి పక్కన మనిషి నీడ, తెర నిండా చుక్కలు. అయినా చూసేవారు. 2010లో మిల్డూరా ప్రాంతంతో ఆరంభించి, 2013 డిసెంబరు 10 నాటికి ఆ పాత పద్ధతి ప్రసారాలన్నీ ఆపేశారు. డిజిటల్ బొమ్మ ఉంటే నిండుగా ఉంటుంది, సంకేతం బలహీనపడితే ముక్కలై ఆగిపోతుంది. ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువని మనం మెచ్చుకుంటాము. కాని మార్చడానికి వేరే చానలు లేనప్పుడు ఓర్చుకోవడాన్ని ఓపిక అనవచ్చా? నాకు అనుమానమే.

అసలు ప్రశ్న ఇక్కడ ఉన్నది. 1956లో మన బిడ్డలు ఆ దేశంలో స్థిరపడే దారి దాదాపు మూసి ఉండేది. తెల్లవారికే చోటన్న ఆ వలస విధానం 1966 నుండి సడలి, 1973లో తొలగింది. ఆ పాత తెర మీద ఆదివాసులు తమ మాట తాము చెప్పుకోవడం అరుదు. వారి యాజమాన్యంలోని ఇంపార్జా టెలివిజన్ ఆలిస్ స్ప్రింగ్స్ నుండి మొదలైనది 1988లో. అంటే పక్కింటి పెద్దాయన బెంగపడే ఆ చక్కని రోజుల్లో, ఆయన కంచె అవతల మన అబ్బాయి ఇల్లు ఉండేది కాదు. ఆయన బెంగ అబద్ధం కాదు. తన తల్లి, తన తమ్ముళ్లు ఆ తెర ముందు కూర్చున్నారు, వారు ఇప్పుడు లేరు. అందుకు ఎవరు తప్పు పడతారు? కాని ఆ చిత్రంలో లేనివారిని లేనివారుగానైనా తలచుకోకపోతే, అది చెరిపిన టేపు మీద మరోసారి రికార్డు చేయడమే.

1980 అక్టోబరు 24న సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలో ఎస్.బి.ఎస్. టెలివిజన్ ప్రారంభమైంది. వలస వచ్చినవారి భాషల్లో కార్యక్రమాలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. దాన్ని 0/28 చానలు అనేవారు. 1986లో సున్నా ఆగిపోయి 28 ఒక్కటే మిగిలింది. దానికి వేరే రకం యాంటెన్నా కావలసివచ్చింది. ఇటలీ నుండో గ్రీసు నుండో వచ్చిన కుటుంబం ఆ యాంటెన్నా కొని కప్పు మీద బిగించుకున్న రోజు కూడా ఎవరికో ‘ఆ రోజే వేరు’.

ఈసారి వెళ్లినప్పుడు ఆ పెద్దాయనను చెప్పనివ్వండి, తొందరపెట్టకండి. ఆయన ఆగిన తరువాత ఒక్క మాట అడగండి: ‘అప్పుడు మీ వీధిలో ఇంకా ఎవరెవరు ఉండేవారండీ?’