దొంగపనిలోని నేర్పు

దొంగతనం పాపమని నమ్మే మనిషి ప్రదర్శనశాలలో కూర్చుని, తెరమీది దొంగ పట్టుబడకూడదని ఎందుకు కోరుకొంటాడు? 1950లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ వంటి నేర చిత్రాలను చూచినవారు తమను తాము అడుగవలసిన ప్రశ్న ఇది.

హాలీవుడ్‌లో తలుపులు మూసుకొనిపోగా ఫ్రాన్సు చేరిన జూల్స్ డాసిన్, 1955లో ‘రిఫిఫీ’ చిత్రాన్ని విడుదల చేశాడు. అందులో నలుగురు మనుషులు పారిస్‌లోని ఒక నగల దుకాణానికి పై ఇంటినుండి కన్నం వేస్తారు. రాలే పెళ్ళలు చప్పుడు చేయకుండా, కన్నంగుండా ఒక గొడుగును దించి తెరుస్తారు. దాదాపు అరగంటసేపు మాట లేదు, సంగీతం లేదు. ఒకరి చేతిని ఒకరు నమ్మి, ఓర్పుతో చేసే పనితనమే మన కన్నుల ముందుంటుంది. అట్టి ఏకాగ్రత నిత్యజీవితంలో అరుదు. అందుచేతనే ఊపిరి బిగబట్టి వారి పక్షం వహిస్తాం.

చివరకు ఆ నలుగురూ నశిస్తారు. నేరంపై సానుభూతి కలిగేటట్లు చిత్రాలు తీయరాదని ఆనాటి అమెరికా చిత్రసీమ నియమావళి శాసించేది. ఫ్రాన్సులో తీసిన ఈ చిత్రానికి ఆ కట్టుబాటు లేదు. అయినా పతనం తప్పలేదు. ముఠాలో ఒకడు దొంగిలించిన ఉంగరాన్ని తాను మోజుపడిన గాయనికి బహూకరించాడు, గుట్టు బయటపడింది. పనిలో నిలిచిన నమ్మకం సొత్తు దగ్గర నిలువలేదు.

అయితే ఆ సొత్తు పోగొట్టుకొన్నవాని ముఖం మాత్రం మన మనస్సులో మిగలదు. శూద్రకుడు ‘మృచ్ఛకటికం’లో ఈ లోటు రానీయలేదు. శర్విలకుడు చారుదత్తుని గోడకు ఏ ఆకారంలో కన్నం వేయాలా అని శిల్పివలె యోచిస్తాడు. కొలతాడు మరచివచ్చి జందెంతో కొలుస్తాడు. మనం నవ్వుకొంటూ మెచ్చుకొంటాం. కాని పోయిన నగలు వసంతసేన నమ్మి దాచుకొన్నవి. పేదవాని మాట లోకం నమ్మదని చారుదత్తుడు కుంగిపోతాడు. అతని ఇల్లాలు తన రత్నహారమిచ్చి పరువు నిలుపుతుంది.

నేర్పును మెచ్చడం దోషం కాదు. ఆ నేర్పు ఎవరి ఇంటికప్పును తొలిచిందో అడుగకపోవడమే దోషం. ఈ మరపు ప్రదర్శనశాలతో ముగిసేది కాదు. తప్పులేకుండా లెక్కలు వ్రాసిన గుమాస్తా, ఆ లెక్కలు ఎవరి పొలాన్ని వేలం వేయిస్తాయో తలచకుండానే తృప్తిగా నిద్రపోవచ్చు. అతనిని నిందించే ముందు, చీకటిలో బిగబట్టిన మన ఊపిరిని జ్ఞాపకం చేసుకోవాలి.